పిన్ని రిపోర్టుకీ ఈస్ట్ ప్యాకెట్‌కీ లింకేంటి?

పోయినేడాది ఆగస్టులో మా పిన్నికి ఆపరేషన్ అయింది. అండాశయంలో గడ్డ. పది రోజులకి బయాప్సీ రిపోర్టు వాట్సాప్‌లో నాకొచ్చింది. మా ఇళ్లలో ఇంగ్లిష్ కాగితం ఏదొచ్చినా ముందు నాకే ఫార్వర్డ్ చేస్తారు.. ఇన్సూరెన్స్ పాలసీ అయినా, బ్యాంకు నోటీసు అయినా. ఇంజినీరింగ్ చదివాడు, సాఫ్ట్‌వేర్‌లో ఉన్నాడు, వీడికి అన్నీ తెలుస్తాయని వాళ్ల నమ్మకం. నిజానికి బాటనీ, జువాలజీ అంటే భయపడే ఇంటర్‌లో ఎంపీసీ తీసుకున్నా నేను.

ఆ నాలుగు పేజీల్లో నాకు వెంటనే అర్థమైంది 'కార్సినోమా' ఒక్కటే. దాని ముందు 'క్లియర్ సెల్' అని ఉంది. కిందకెళ్తే టెస్టుల జాబితాలో ఒక లైన్: 'ఆరిడ్‌1ఏ - లాస్'. అది ఒక జీన్ పేరని సెర్చ్ చేస్తే తెలిసింది. అదే మాట ఫోన్‌లో చెప్పి పెద్ద తప్పు చేశా. 'జీన్' అనగానే అవతల పిన్ని గొంతు మారిపోయింది.

"జీన్ అంటే వంశంలో ఉన్నట్టేగా? మరి మీ చెల్లికి కూడా వస్తుందేంట్రా? సంబంధాలు చూస్తున్నాం. ఈ కాగితం సంగతి ఎవరికీ చెప్పకు."

తన ఆరోగ్యం గురించి ఒక్క ముక్క అడగలేదు. నాకేం చెప్పాలో తెలీలేదు. డాక్టర్‌ని అడిగి చెప్తానని ఫోన్ పెట్టేశా. ఎర్రర్ కోడ్ కనిపిస్తే దాని మూలం దొరికేదాకా తవ్వడం మా ఉద్యోగాల్లో అలవాటే. ఆ రాత్రి అదే పని చేశా. ఒక లింక్‌లోంచి ఇంకో లింక్‌లోకి వెళ్తూ, రెండు గంటలప్పుడు చూసుకుంటే నేను చదువుతున్నది క్యాన్సర్ గురించి కాదు. పంచదార తినలేని ఈస్ట్ గురించి. అదీ 1984 నాటి సంగతి.

తెనాల్లో పిన్ని వంటింట్లో పై అరలో ఈస్ట్ ప్యాకెట్ ఎప్పుడూ ఉంటుంది. లాక్‌డౌన్‌లో బన్నులు చేయడం నేర్చుకుంది మరి.

ఫుట్‌బాల్‌లో 400 మీటర్ల దారం

బ్రెడ్డు పొంగించే ఈస్ట్ ఒకే ఒక్క కణం. కల్లు పులియడంలోనూ ఈ జాతికి పెద్ద వాటానే ఉంది. బ్యాక్టీరియా లాంటిదే అనుకుంటాం గానీ, కాదు. మన కణాల్లాగే దానికీ లోపల ఒక కేంద్రకం, అందులో క్రోమోజోములు ఉంటాయి. కేంద్రకం ఉన్న జీవుల్లో మొట్టమొదట పూర్తి డీఎన్‌ఏ చదివింది దీనిదే, 1996లో. 16 క్రోమోజోములు, సుమారు 1.2 కోట్ల జత అక్షరాలు, దాదాపు 6 వేల జీన్లు. అక్షరానికి ఒక బైట్ వేసుకున్నా మొత్తం 12 ఎంబీ. మన ఫ్యామిలీ గ్రూపుల్లో వచ్చే గుడ్ మార్నింగ్ వీడియో కూడా ఒక్కోసారి అంతకన్నా పెద్దదే.

సైజు చిన్నదే గానీ, దాన్ని పెట్టే చోటు ఇంకా చిన్నది. ఈ డీఎన్‌ఏ అంతా తిన్నగా సాగదీస్తే 4 మిల్లీమీటర్లు వస్తుంది. కేంద్రకం వెడల్పేమో మిల్లీమీటర్‌లో 500వ వంతు. ఊహకి అందేలా అన్నీ లక్ష రెట్లు పెంచి చూశా. కేంద్రకం ఒక ఫుట్‌బాల్ అంత అవుతుంది. అందులో 400 మీటర్ల కుట్టుదారం. పైగా అది ఒకటే ఉండ కాదు, 16 ముక్కలు. ఆహారం బాగా ఉంటే గంటన్నరకోసారి ఆ దారం మొత్తాన్ని కాపీ తీసి, చిక్కుపడకుండా రెండు భాగాలు చేసి, కొత్త కణానికి ఒక వాటా ఇవ్వాలి.

లెక్కేస్తే ఒకటి తట్టింది. అంత సన్నటి దారం 400 మీటర్లు ఫుట్‌బాల్‌లో సులువుగానే పడుతుంది. చోటు సమస్య కాదు. చిక్కుముడి సమస్య. ఇంకో తంటా ఏంటంటే డీఎన్‌ఏ ఒళ్లంతా నెగెటివ్ చార్జ్, తనని తనే నెట్టేసుకుంటుంది. దారంలా మెత్తగా కూడా ఉండదు, కాస్త స్ప్రింగులా బిరుసు. దాన్ని వంచి చుట్టాలంటే గట్టిగా పట్టుకునేది ఏదో ఉండాలి.

అదే హిస్టోన్. ఇది పాజిటివ్ చార్జ్ నిండా ఉన్న ప్రొటీన్. నాలుగు రకాలు, ఒక్కోటి రెండేసి, మొత్తం ఎనిమిది కలిసి ఒక చిన్న బాబిన్‌లా తయారవుతాయి. దాని చుట్టూ డీఎన్‌ఏ రెండు చుట్లకి కాస్త తక్కువగా, 147 అక్షరాల మేర చుట్టుకుంటుంది. తర్వాత కొంచెం ఖాళీ దారం, మళ్లీ ఇంకో బాబిన్. ఒక్కో బాబిన్ చుట్టని న్యూక్లియోజోమ్ అంటారు. ఈ మొత్తం దండ, దాన్ని పట్టుకుని ఉండే మిగతా ప్రొటీన్లు అన్నీ కలిపితే క్రొమాటిన్. మన ఫుట్‌బాల్ లెక్కలో ఒక్కో బాబిన్ ఆవగింజంత ఉంటుంది. ఈస్ట్‌లో అలాంటివి దాదాపు 70 వేలు.

ఇది ఇలా ఉంటుందని 1974లో రోజర్ కార్న్‌బర్గ్ ప్రతిపాదించాడు. 1997లో జ్యూరిక్‌లో కరోలిన్ లూగర్, టిమ్ రిచ్‌మండ్ బృందం దాని ఆకారాన్ని అణువుల స్థాయిలో చూపించింది. నన్ను ఎక్కువ ఆశ్చర్యపరిచింది మాత్రం ఇంకోటి. హెచ్4 అనే హిస్టోన్‌లో 102 అమైనో ఆమ్లాలుంటాయి. ఈస్ట్ హెచ్4కీ మన హెచ్4కీ తేడా ఎనిమిది చోట్లే! ఈస్ట్, మనం విడిపోయి దాదాపు వంద కోట్ల ఏళ్లు. ప్రతి కంపెనీలోనూ ఒక పాత ఫైల్ ఉంటుంది. ఎవరు రాశారో తెలీదు, ముట్టుకోవడానికి ఎవరికీ ధైర్యం ఉండదు, ఎందుకంటే సిస్టమ్ అంతా దాని మీదే నడుస్తుంటుంది. హెచ్4 అలాంటి ఫైల్ అన్నమాట. 2017లో న్యూయార్క్‌లో జెఫ్ బోకే ల్యాబ్ వాళ్లు ఈస్ట్ హిస్టోన్లు తీసేసి మనిషివి పెట్టి చూశారు. దాదాపు అన్నీ చచ్చిపోయాయి. కానీ అతి కొద్ది కణాలు మెల్లగా అలవాటుపడి బతికాయి.

బాబిన్ కింద దాగిన అక్షరాలు

దారం బాబిన్‌కి చుట్టి ఉంటే దాని మీద ఏం రాసుందో చదవడం కష్టం. ఇక్కడి నుంచే అసలు కథ మొదలు.

ఈస్ట్ తన డీఎన్‌ఏని చాలా దగ్గరదగ్గరగా చుడుతుంది. బాబిన్‌కీ బాబిన్‌కీ మధ్య ఖాళీ 18 అక్షరాలు, అటూ ఇటూగా. మన కణాల్లో ఖాళీ అంతకన్నా ఎక్కువే. మరి అంత ఇరుకులో జీన్‌ని చదివే యంత్రం ఎక్కడ దిగుతుంది? దీనికి జవాబు 2005లో కనిపించింది. బాబిన్ల మధ్య బయటికి కనిపించే దారాన్ని మాత్రమే కొరికేసే ఒక ఎంజైమ్ ఉంది. దాన్ని వదిలి, మిగిలిన ముక్కలు ఎక్కడెక్కడివో చూస్తే బాబిన్ల మ్యాప్ వచ్చేసినట్టే. ఈస్ట్ మూడో క్రోమోజోమ్‌కి అలా మ్యాప్ గీస్తే, జీన్ మొదలయ్యే చోట్లకి కాస్త ముందు ఒక ఖాళీ జాగా కనిపించింది. దానికి ఆనుకుని బాబిన్లు వరసగా, గీత గీసినట్టు పేర్చి ఉన్నాయి. కాంప్లెక్స్ గేటు ముందు 'నో పార్కింగ్' బోర్డు పెట్టినట్టు అన్నమాట. అన్ని జీన్లకీ అలా ఉండదు. కొన్నింటికి గేటు మీదే బాబిన్ కూర్చుని ఉంటుంది.

అలా కూర్చున్న బాబిన్ నిజంగా జీన్‌ని ఆపుతోందా, లేక ఊరికే అక్కడుందా? చాలాకాలం హిస్టోన్లంటే ఉత్త ప్యాకింగ్ సామాను, అట్టపెట్టెలో థర్మోకోల్ లాంటివనే అనుకున్నారు. 1988లో మైఖేల్ గ్రన్‌స్టీన్ ల్యాబ్‌లో ఈస్ట్‌కి హెచ్4 తయారుకాకుండా ఆపేశారు. బాబిన్లు తగ్గాయి. ఫాస్ఫేట్ కొరత వస్తే తప్ప ఆన్ కాని ఒక జీన్, ఏ కొరతా లేకుండానే దానంతటదే ఆన్ అయిపోయింది. అంటే బాబిన్ ఒక తాళం కూడా! పాఠ్యపుస్తకంలో ఒక్క వాక్యంలో వచ్చేసే విషయం ఇది. దాని వెనక ఇంత సింపుల్ ప్రయోగం ఉందని నాకు ఆ రాత్రే తెలిసింది.

ఒకే బగ్‌కి రెండు టికెట్లు

ఇప్పుడు పంచదార సంగతి. పంచదారంటే సుక్రోజ్. ఈస్ట్ దాన్ని నేరుగా వాడుకోలేదు. ఇన్వర్టేజ్ అనే ఎంజైమ్ తయారుచేసుకుని, దాంతో గ్లూకోజ్, ఫ్రక్టోజ్‌గా విడగొట్టుకోవాలి. గ్లూకోజ్ దండిగా దొరుకుతుంటే ఆ జీన్ ఆఫ్‌లో ఉంటుంది. గ్లూకోజ్ తగ్గితే ఆన్ అవ్వాలి. 1984లో మరియన్ కార్ల్‌సన్ ల్యాబ్ వాళ్లు ఈ ఆన్ అవడం చేతకాని ఈస్ట్‌లని పట్టుకుని, వాటిలో ఏ జీన్లు చెడ్డాయో జాబితా రాశారు. వాటికి పెట్టిన పేరు 'స్నిఫ్'. సుక్రోజ్ నాన్ ఫెర్మెంటింగ్.. పంచదారని పులియబెట్టలేనివి అని.

సరిగ్గా అదే ఏడాది ఇరా హెర్స్కోవిట్జ్ బృందం పూర్తిగా వేరే గొడవలో ఉంది. ఈస్ట్‌లో ఆడ, మగ లాంటి రెండు రకాలుంటాయి. అవి ఒకదాన్నుంచి ఇంకోదానికి మారగలవు. అలా మారలేకపోయిన ఈస్ట్‌లలో చెడిపోయిన జీన్లకి వీళ్లు పెట్టిన పేరు 'స్విచ్'. పంచదార తినడానికీ, రకం మారడానికీ సంబంధమే లేదు కదా! తీరా చూస్తే స్విచ్‌లో 2వ నంబరు, స్నిఫ్‌లో 2వ నంబరు ఒకటే జీన్. మా ఆఫీసులో ఇది నెలకోసారి జరుగుతుంది. పేమెంట్ టీమ్ ఒక టికెట్, లాగిన్ టీమ్ ఒక టికెట్ ఓపెన్ చేసి వారం కొట్టుకుంటారు. చివరికి రెండూ వాడే ఒకే లైబ్రరీలో ఉంటుంది బగ్.

సరే, ఆ జీన్ చేసే పనేంటి? దీన్ని కనిపెట్టిన పద్ధతి నాకు భలే నచ్చింది. 1992లో ఫ్రెడ్ విన్‌స్టన్ ల్యాబ్‌లో ఈ స్నిఫ్ జీన్లు చెడిపోయిన ఈస్ట్ తీసుకున్నారు. బాగుచేయడం మానేసి దానిలో ఇంకోటి కూడా చెడగొట్టారు, హిస్టోన్లు తయారుచేసే జీన్ల జతల్లో ఒకదాన్ని తీసేశారు. ఇన్వర్టేజ్ జీన్ మళ్లీ చాలావరకు పనిచేసింది! రెండు చోట్ల విరగ్గొడితే పని జరుగుతోందంటే అర్థం ఒకటే. మొదటిదాని డ్యూటీ రెండోదాన్ని అడ్డు తప్పించడం. అడ్డమే బలహీనపడితే తప్పించేవాడితో అంత పనిలేదు.

అలా తేలిందే స్విచ్-స్నిఫ్ యంత్రం. డజను దాకా ప్రొటీన్లు కలిసి ఒకటిగా పనిచేస్తాయి. కణంలోని ఇంధనమైన ఏటీపీని ఖర్చుపెట్టి, బాబిన్‌ని పట్టుకుని పక్కకి జరుపుతుంది, ఒక్కోసారి పూర్తిగా ఊడదీస్తుంది. డీఎన్‌ఏలో ఒక్క అక్షరం కూడా మార్చదు. ఏది చదవొచ్చో మాత్రమే మారుస్తుంది. దీనికి ఆర్‌ఎస్‌సీ అని ఇంకో చుట్టం ఉంది. అది లేకపోతే ఈస్ట్ అసలు బతకదు.

అక్షరం మారకుండా ఎంత తేడా రాగలదో చూడాలంటే డేనియల్ గాట్ష్లింగ్ బృందం 1990లో చేసిన ప్రయోగం ఉంది. ఒక జీన్ ఉంది, అది ఆఫ్ అయితే ఈస్ట్ ఎర్రగా మారుతుంది, ఆన్‌లో ఉంటే తెల్లగా ఉంటుంది. దాన్ని తీసుకెళ్లి క్రోమోజోమ్ చివర పెట్టారు. అక్కడ సర్ అనే ప్రొటీన్లు బాబిన్ల మీద దుప్పటిలా కప్పుకుని ఉంటాయి. ఒక్క కణం నుంచి పెరిగిన గుండ్రటి ముద్దలో కొంత భాగం ఎరుపు, కొంత భాగం తెలుపు వచ్చాయి, కోసిన కేకు ముక్కల్లాగా. అన్నీ ఒకే తల్లి పిల్లలు, ఒకే డీఎన్‌ఏ. పైగా ఎర్రదాని పిల్లలు చాలా తరాలు ఎర్రగానే ఉన్నాయి. ఫొటోలు చూడండి, దొరుకుతాయి.

ఇంతా చదివాక కేంద్రకంలో ప్రతి మడతా ప్రాణానికి ముఖ్యమే అనుకున్నా. అదీ నిజం కాదట. ఈస్ట్ క్రోమోజోములు 16కీ నడుములు ఒకచోట గుత్తిగా కట్టి, చివర్లు కేంద్రకం గోడకి ఆనించి ఉంటాయి. ఎంతో పద్ధతిగా కనిపిస్తుంది. 2018లో షాంఘైలో ఒక బృందం ఆ పదహారింటినీ అతికించి ఒకటే పొడవాటి క్రోమోజోమ్ చేసేసింది. న్యూయార్క్‌లో ఇంకో బృందం రెండు చేసింది. లోపలి అమరిక అంతా తలకిందులైంది. ఈస్ట్ మాత్రం కాస్త నీరసంగా బతికేసింది, జీన్ల ఆన్-ఆఫ్‌లో పెద్ద మార్పు రాలేదు. ఫోల్డర్లన్నీ కలిపేసినా యాప్ నడిచింది, ఒక చిన్న హెల్పర్ పోతే మాత్రం పంచదార తినలేకపోయింది. నాకైతే పెద్ద మడతల కన్నా, గేటు ముందున్న ఆ ఒక్క బాబిన్ దగ్గరే అసలు వ్యవహారం నడుస్తోందనిపిస్తుంది.

హైదరాబాద్‌లో హబ్సిగూడ దగ్గర సీసీఎంబీలో కూడా ఈస్ట్ క్రొమాటిన్ మీద ఏళ్ల తరబడి పని జరిగింది. ఉప్పల్ నుంచి రాయదుర్గం మెట్రోలో రోజూ ఆ దారినే వెళ్తూ, ఒక్కసారి కూడా తలెత్తి చూడలేదు నేను.

చెల్లికి చెప్పిన మాట

ఆరిడ్‌1ఏ ఏంటో మీకీపాటికి అర్థమై ఉంటుంది. మన కణాల్లో కూడా స్విచ్-స్నిఫ్ యంత్రం ఉంది. అందులో ఒక పార్టు ఆరిడ్‌1ఏ. ఈస్ట్‌లో దాని చుట్టం పేరు స్విచ్1.. 1984 జాబితాలోదే. మనుషుల క్యాన్సర్లలో సుమారు ఐదింట ఒకదానిలో ఈ యంత్రం పార్టుల్లో ఏదో ఒకటి చెడిపోయి ఉంటుంది. పిన్నికొచ్చిన క్లియర్ సెల్ రకంలో సగం కేసుల్లో ఆరిడ్‌1ఏ దెబ్బతింటుందని 2010లో రెండు బృందాలు విడివిడిగా చెప్పాయి. బాబిన్లు జరపాల్సిన చోట జరగవు, తెరుచుకోకూడనివి తెరుచుకుంటాయి, కణం అదుపు తప్పే దారిలో అదొక మెట్టు.

అసలు ప్రశ్న అది కాదు కదా. పిన్ని అడిగింది చెల్లి గురించి. మర్నాడు డాక్టర్‌ని కలిసినప్పుడు అదే అడిగా. ఆయన చెప్పింది ఇది: రిపోర్టులో 'లాస్' అన్నది గడ్డలోని కణాల సంగతి. ఈ మార్పు సాధారణంగా పుట్టుకతో వచ్చేది కాదు, ఆ ఒక్క చోట, ఆ కణాల్లో తర్వాతెప్పుడో వచ్చేది. వంశంలో వచ్చే జీన్లు వేరు, కుటుంబంలో ఎవరెవరికి ఏం వచ్చిందో అడిగి, అవసరమైతే వాటికి వేరే రక్తపరీక్ష చేస్తారు. మాకు ఆ పరీక్షా చేయించారు, ఏమీ లేదని వచ్చింది. మీ ఇంట్లో ఇలాంటి కాగితం వస్తే నాలాగా ఫోన్‌లో సగం సగం చెప్పకండి, ముందు డాక్టర్‌నే అడగండి.

ఈ పార్టు లేని కణాలనే గురిపెట్టి దెబ్బకొట్టే మందుల మీద ట్రయల్స్ నడుస్తున్నాయి. పిన్నికి మాత్రం మామూలు కీమోనే, ఆరు విడతలు.

సంక్రాంతికి తెనాలి వెళ్లా. పిన్నికి జుట్టు అప్పుడే మళ్లీ వస్తోంది. వంటింట్లో స్టూల్ మీద కూర్చుని, కుట్టుమిషన్ సొరుగులోంచి బాబిన్ తెచ్చి మొత్తం చెప్పా. దారం చుట్టి చూపించా, పక్కకి జరిపి చూపించా. చెల్లి కూడా గుమ్మం దగ్గర నిలబడి వింది. 'లాస్' అంటే ఆ గడ్డలో ఇలా బాబిన్ జరిపే చెయ్యి పోయిందని, అది తన వరకే అని, చెల్లికి దాంతో సంబంధం లేదని రెండుసార్లు చెప్పించుకుంది పిన్ని.

"ఇదంతా పంచదార తినని ఈస్ట్‌ని చూసి కనుక్కున్నారా?"

"అవును పిన్నీ. అక్కడే మొదలైంది."

ఏమీ అనలేదు. లేచి పై అరలోంచి ప్యాకెట్ తీసింది. గోరువెచ్చటి నీళ్లలో చెంచాడు పంచదార కలిపి, పైన ఈస్ట్ చల్లి మూతపెట్టింది. పది నిమిషాలయ్యాక మూత తీసి నా వైపు వంచింది. గిన్నె అంచు దాకా నురగ.

"దీనికి లాస్ లేదురా" అంది, పిండిలో పోస్తూ.